"రిపోర్ట్ రావట్లేదు" అంటే ఎక్కడ ఆగినట్టు?

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. "సార్, రిపోర్ట్ రావట్లేదు." అంతే, ఇంకో ముక్క ఉండదు. అవతలి మనిషి తప్పేం లేదు, ఆయనకి చేతిలో కాగితం కావాలి, అది రాలేదు. కానీ మన వైపు నుంచి చూస్తే ఆ ఒక్క మాట వెనక ఎన్నో వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కగానే ఎర్రర్ బాక్స్ వచ్చి ఉండొచ్చు. ప్రివ్యూ తెరుచుకుని తెల్లగా ఉండొచ్చు. ప్రివ్యూ చక్కగా ఉండి ప్రింటర్ కదలకపోవచ్చు. కాగితం వచ్చినా పేర్లుండాల్సిన చోట ప్రశ్నార్థకాలు ఉండొచ్చు, లేదంటే పోయిన నెల లెక్కలే మళ్లీ వచ్చి ఉండొచ్చు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ప్రోగ్రామింగ్ భాష వీబీ6 రోజుల నుంచి వాళ్ల ఇప్పటి డాట్‌నెట్ దాకా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పగలను. ఎర్రర్ ఎక్కడ కనిపించిందో అక్కడే వెతకడం మొదలుపెడితే రోజంతా పోతుంది. సర్వర్, కనెక్షన్, క్వెరీ (డేటాబేస్‌ని డేటా అడిగే ప్రశ్న), రిపోర్ట్ ఇంజిన్, ప్రివ్యూ, డ్రైవర్, స్పూలర్ (ప్రింట్‌లని వరసలో పెట్టి పంపేది), ప్రింటర్, ఇలా డేటాబేస్ నుంచి కాగితం దాకా ఒక పొడుగాటి దారి ఉంది, ఆ దారిని మధ్యలో తెగ్గొట్టి ఏ సగంలో తేడా ఉందో ముందు తేల్చుకోవాలి. అందుకే నేను మొదట అడిగేది ఒక్కటే: "స్క్రీన్ మీద కనిపించిందా?" కనిపించింది, అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి అంటే ఇక కనెక్షన్ స్ట్రింగ్ (ఏ సర్వర్‌కి, ఏ పేరుతో కనెక్ట్ అవ్వాలో రాసే లైను) జోలికి వెళ్లను. కనిపించలేదంటే ప్రింటర్ జోలికి వెళ్లను. దీనికి రెండు మినహాయింపులున్నాయి, అవి తర్వాత చెప్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి ఆ రెండే.

ముందు కనెక్షన్ సంగతి. ఎర్రర్ ఎంతసేపటికి వచ్చిందో గమనించండి, ఎర్రర్‌లో ఏముందో చదవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. డాట్‌నెట్ ప్రోగ్రామ్ డేటాబేస్‌తో మాట్లాడే భాగం ఏడీవో డాట్‌నెట్, అందులో కనెక్షన్ టైమవుట్ మనం మార్చకపోతే 15 సెకన్లు. అంతసేపు గిరగిరా తిరిగి తిరిగి చివరికి ఎర్రర్ వచ్చిందంటే చాలాసార్లు మన పిలుపు సర్వర్ దాకా చేరనే లేదన్నమాట: ఫైర్‌వాల్, తప్పు పేరు, ఆగిపోయిన సర్వీస్, వీటిలో ఏదో ఒకటి. అదే ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి టక్కున "లాగిన్ ఫెయిల్డ్" అని ఎర్రర్ నంబర్ 18456 వస్తే అది ఒక రకంగా మంచి వార్త, ఎందుకంటే సర్వర్ పలికింది, నెట్‌వర్క్ అంతా బాగుంది, లోపలికి రానివ్వలేదంతే. ఆ 18456 అసలు కారణాన్ని మన స్క్రీన్ మీద చెప్పదు, బయటివాళ్లకి తెలియకూడదని కావాలనే దాచిపెడుతుంది. సర్వర్‌లో ఎర్రర్ లాగ్ తెరిస్తే అదే లైనులో స్టేట్ అని ఒక అంకె ఉంటుంది: 5 అయితే ఆ పేరుతో లాగినే లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 38 అయితే మనం అడిగిన డేటాబేస్ తెరుచుకోలేదు. ఈ అంకె చూడకుండా గంటల తరబడి పాస్‌వర్డ్‌లు మార్చినవాళ్లని చూశాను.

ఎర్రర్ 26 వస్తే ఇన్‌స్టన్స్, అంటే ఆ మెషీన్‌లో నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ కాపీ, దొరకలేదని అర్థం. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ లాంటి పేరున్న ఇన్‌స్టన్స్‌కి పోర్ట్ స్థిరంగా ఉండదు, అది ఏ పోర్ట్‌లో ఉందో చెప్పేది ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీస్, దాన్ని అడిగేది యూడీపీ 1434 మీద. ఫైర్‌వాల్‌లో టీసీపీ 1433 ఒక్కటే తెరిచి అంతా అయిపోయిందనుకుంటే ఇక్కడే ఇరుక్కుంటాం. దానికి తోడు ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. నేనైతే ఒక స్థిరమైన పోర్ట్ పెట్టేసి, కనెక్షన్ స్ట్రింగ్‌లో సర్వర్ పేరు, కామా, పోర్ట్ నంబర్ అని రాసేస్తాను, బ్రౌజర్ సర్వీస్‌తో అవసరమే ఉండదు.

మన ప్రోగ్రామ్‌ని పక్కన పెట్టి కనెక్షన్ ఒక్కటే పరీక్షించాలంటే ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ చేసి దాని ఎక్స్‌టెన్షన్ యూడీఎల్ అని మార్చి డబుల్ క్లిక్ చేస్తే విండోస్ తన కనెక్షన్ బాక్స్ చూపిస్తుంది, వివరాలిచ్చి టెస్ట్ కనెక్షన్ నొక్కడమే. అక్కడ కనెక్ట్ అయి మన ప్రోగ్రామ్‌లో అవ్వట్లేదంటే తప్పు మన దగ్గరే ఉంది. ఒక్క జాగ్రత్త: 64 బిట్ విండోస్‌లో ఈ బాక్స్ 64 బిట్ డ్రైవర్లనే చూపిస్తుంది.

ఈ 32, 64 గొడవ గురించి విడిగా చెప్పి తీరాలి, ఎందుకంటే "నా మెషీన్‌లో పనిచేస్తోంది, అక్కడ పనిచేయట్లేదు" అన్న ప్రతి కేసులో నేను ముందు చూసేది దీన్నే. పాత యాక్సెస్ ఫైళ్లు చదివే జెట్ 4.0 ప్రొవైడర్ 32 బిట్‌లో మాత్రమే ఉంది, 64 బిట్‌ది రాలేదు, రాదు. ప్రాజెక్ట్‌ని ప్రిఫర్ 32 బిట్ టిక్ లేకుండా ఎనీ సీపీయూ మీద వదిలేస్తే 64 బిట్ విండోస్‌లో ప్రోగ్రామ్ 64 బిట్‌గా లేస్తుంది, లేవగానే "ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు" అంటుంది. అది చదివి జనం ఆ డీఎల్ఎల్‌ని రిజిస్టర్ చేయడానికి తంటాలు పడతారు, నిజానికి అది ఎప్పుడో రిజిస్టరై ఉంది, ఈ ప్రాసెస్‌కి కనిపించదంతే. ప్రాజెక్ట్‌లో ఎక్స్86 అని పెట్టి మళ్లీ బిల్డ్ చేస్తే సరిపోతుంది. డేటాబేస్‌లకి కనెక్ట్ అయ్యే ఇంకో పద్ధతి ఓడీబీసీలో ఇంకాస్త తికమక: సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్న ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. పేర్లు చూస్తే సరిగ్గా తలకిందులు. సిస్టమ్ డీఎస్ఎన్ (కనెక్షన్ వివరాలు దాచిపెట్టే పేరు) ఒకదాంట్లో చేసి ప్రోగ్రామ్ రెండోదాంట్లో వెతుకుతుంటే ఎప్పటికీ దొరకదు. రిపోర్ట్‌లు తయారుచేసే క్రిస్టల్ రిపోర్ట్స్ రన్‌టైమ్‌ది కూడా ఇదే కథ. మనం కోడ్ రాసే విజువల్ స్టూడియోతోపాటే 2008 వెర్షన్ దాకా క్రిస్టల్ వచ్చేది, 2010 నుంచి విడిగా దించుకోవాలి, అవతలి మెషీన్‌లో పెట్టే రన్‌టైమ్ మన ప్రోగ్రామ్ ఎన్ని బిట్‌లో నడుస్తోందో అన్ని బిట్‌దే అయి ఉండాలి.

ఈమధ్య తరచుగా చూస్తున్నది ఇంకోటి. నూగెట్‌లో (రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు దించుకునే చోటు) ప్యాకేజీలు అప్‌డేట్ చేశాక, ఏళ్లుగా నడుస్తున్న కనెక్షన్ ఒక్కసారిగా సర్టిఫికెట్ మీద నమ్మకం లేదంటూ ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ డేటా ఎస్‌క్యూఎల్‌క్లయింట్ 4.0 వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది, సర్వర్ దగ్గరున్నది తనకి తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్ కాబట్టి ఒప్పుకోదు. ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ట్రూ అని పెడితే వెంటనే కనెక్ట్ అవుతుంది, నెట్‌లో ఎక్కడ అడిగినా అదే చెప్తారు. మన టేబుల్ మీదున్న టెస్ట్ సర్వర్‌కైతే పర్వాలేదు, కానీ అసలు సర్వర్‌కి అలా పెట్టడం నాకు ఇష్టం ఉండదు, అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా అని చూసే తనిఖీని తీసేసినట్టే కదా. సరైన సర్టిఫికెట్ పెట్టించడమే మేలు.

ఇక నాకు బాగా గుర్తుండిపోయిన కేసు. ఒక ఆఫీస్‌లో ప్రోగ్రామ్ పొద్దున బాగా నడిచేది, మధ్యాహ్నానికి రిపోర్ట్ తెరవగానే 15 సెకన్లు ఆగి టైమవుట్. మూసి తెరిస్తే మళ్లీ బాగుండేది. సర్వర్ నెమ్మదించిందని ర్యామ్ పెంచారు, నెట్‌వర్క్ స్విచ్ మార్చారు, ఏం తేడా రాలేదు. నిజానికి "మూసి తెరిస్తే పనిచేస్తోంది" అన్న మాటలోనే జవాబుంది, ప్రాసెస్ చచ్చినప్పుడు ఏదో విడుదలవుతోంది. ఎర్రర్ మెసేజ్ మొత్తం చదివితే పూల్ నుంచి కనెక్షన్ దొరకలేదని స్పష్టంగా ఉంది. పూల్ అంటే మళ్లీ మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు, అందులో మనం మార్చకపోతే గరిష్ఠంగా 100 కనెక్షన్లుంటాయి, అది కూడా ఒక్కో ప్రాసెస్‌కి. సర్వర్‌కి ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపించే ఎస్‌పీ హూ2 నడిపి చూస్తే ఒకే కంప్యూటర్ పేరు మీద వరసగా స్లీపింగ్, స్లీపింగ్, స్లీపింగ్. చేయిస్తున్న పనేమీ లేదు, కనెక్షన్ మాత్రం వదల్లేదు.

వెతగ్గా వెతగ్గా రిపోర్ట్‌కి సంబంధమే లేని చోట దొరికింది. కస్టమర్ పేరు వెతికే ఫంక్షన్‌లో, వరసల్ని ఒక్కొక్కటిగా చదివే డేటారీడర్ తెరిచి, మొదటి వరస చదివి, దొరికితే అక్కడే రిటర్న్. క్లోజ్ అన్న లైను ఆ రిటర్న్‌కి కింద ఉంది. పేరు దొరకనప్పుడు మాత్రమే మూసుకునేది, దొరికినప్పుడల్లా ఒక కనెక్షన్ పోయేది. పనిచేయనప్పుడు బాగుండి, పనిచేసినప్పుడు పాడయ్యే కోడ్ అది, అందుకే టెస్టింగ్‌లో ఎవరికీ దొరకలేదు. వందోసారి తర్వాత ఎవరు కనెక్షన్ అడిగితే వాళ్లకి ఎర్రర్, ఆ టైమ్‌కి ఎక్కువగా తెరిచేది రిపోర్టే కాబట్టి నింద దానిమీద పడింది. కనెక్షన్‌ని, రీడర్‌ని యూజింగ్ బ్లాక్‌లో పెడితే రిటర్న్ ఎక్కడున్నా, మధ్యలో ఎర్రర్ వచ్చినా మూసుకుంటుంది. మ్యాక్స్ పూల్ సైజ్‌ని 500 చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దానివల్ల మధ్యాహ్నం రావాల్సిన ఎర్రర్ ఇంకా ఆలస్యంగా వస్తుంది, పట్టుకోవడం ఇంకా కష్టం.

క్రిస్టల్‌లో కూడా అచ్చం ఇలాంటి లీక్ ఒకటుంది. అక్కడ పరిమితి 75 జాబ్‌లు. రిపోర్ట్ ఫారమ్ మూసినప్పుడు రిపోర్ట్‌డాక్యుమెంట్‌ని క్లోజ్, డిస్పోజ్ చేయకపోతే ఒక్కోటీ లోపలే ఉండిపోయి, పరిమితి నిండగానే గరిష్ఠ జాబ్‌ల సంఖ్య దాటిందని చెప్పి ఆగిపోతుంది. రిజిస్ట్రీలో ఆ 75ని పెంచొద్దు, ఫారమ్ క్లోజ్డ్‌లో రెండు లైన్లు రాయండి.

క్రిస్టల్ అనగానే వచ్చే ఇంకో ఫిర్యాదు, డేటాబేస్ లాగిన్ అడుగుతూ బాక్స్ రావడం. రిపోర్ట్ ఫైల్ లోపల మనం డిజైన్ చేసినప్పటి సర్వర్ పేరు కూర్చుని ఉంటుంది. రన్‌టైమ్‌లో మార్చాలంటే ప్రతి టేబుల్‌కీ మార్చాలి, సబ్‌రిపోర్ట్‌ల్లోని టేబుళ్లకి కూడా, ఒక్కటి మిస్సయినా బాక్స్ వస్తుంది. నేను ఆ పద్ధతే మానేశాను. డేటా నేనే తెచ్చి డేటాటేబుల్‌లో పెట్టి సెట్ డేటాసోర్స్‌తో ఇస్తాను, రిపోర్ట్ అసలు డేటాబేస్ మొహమే చూడదు. దీనివల్ల నేను పైన చెప్పిన తెగ్గొట్టే చోటు కోడ్‌లోనే సిద్ధంగా ఉంటుంది: టేబుల్‌లో వరసలెన్నో చూస్తే చాలు, సున్నా అయితే తేడా డేటాబేస్ వైపు, కాకపోతే రిపోర్ట్ వైపు ఉంది. పాత లెక్కలే వస్తున్నాయంటే మాత్రం డిజైనర్‌లో సేవ్ డేటా విత్ రిపోర్ట్ అన్న టిక్ తీసేశారో లేదో చూడండి.

క్వెరీలు నేరుగా నడిపి చూసుకునే మేనేజ్‌మెంట్ స్టూడియోలో 2 సెకన్లలో వచ్చే క్వెరీ ప్రోగ్రామ్‌లో 30 సెకన్లకి టైమవుట్ అవుతోందా? అది కనెక్షన్ టైమవుట్ కాదు, కమాండ్ టైమవుట్, దాని డిఫాల్ట్ 30. మేనేజ్‌మెంట్ స్టూడియో ఆరిత్‌అబార్ట్ అన్న సెట్టింగ్ ఆన్ పెట్టుకుని నడుస్తుంది, ఏడీవో డాట్‌నెట్ పెట్టుకోదు, సెట్టింగ్ వేరు కాబట్టి సర్వర్ రెండిటికీ వేర్వేరు ప్లాన్లు, అంటే క్వెరీని ఏ దారిలో నడపాలన్న నిర్ణయాలు, దాచుకుంటుంది. ఒక రోజు డేటాకి తయారైన ప్లాన్‌తో ఏడాది రిపోర్ట్ నడుస్తుంటే అలాగే ఉంటుంది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి స్టూడియోలో నడిపి చూడండి, అక్కడ కూడా నెమ్మదిస్తే ప్లాన్ దగ్గరే తేడా ఉందని తేలిపోతుంది, క్వెరీకి రీకంపైల్ చేర్చడమో ఇండెక్స్ వేయడమో అప్పుడు చూడొచ్చు.

తెలుగు డేటా ప్రింట్ చేసేవాళ్లకి ఇది ముఖ్యం. కాగితం మీద తెలుగు చెడిపోయిందంటే మూడు రకాలు, మూడిటికీ మూడు కారణాలు. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే తప్పు డేటాబేస్‌లో ఉంది: కాలమ్ యూనికోడ్ కాని వార్‌చార్ రకం అయినా, ఇన్సర్ట్‌లో కొటేషన్ ముందు ఎన్ అక్షరం పెట్టకపోయినా, సేవ్ అయినప్పుడే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అవి ఇక తిరిగి రావు, ఏ ఫాంట్ మార్చినా లాభం లేదు, మళ్లీ ఎక్కించాల్సిందే. ఎన్‌వార్‌చార్ కాలమ్, పారామీటర్లు వాడితే ఈ బెడద లేదు. ప్రశ్నార్థకాలు కాకుండా డబ్బాలు వచ్చాయంటే డేటా భద్రంగానే ఉంది, ఫాంట్‌లో తెలుగు లేదు. అక్షరాలు వచ్చాయి గానీ "లక్ష్మి" అన్నది "లక్‌ష్‌మి" అని విడిపోయి వచ్చిందంటే ఒత్తుల్ని కలిపి పేర్చే పని జరగలేదన్నమాట. విండోస్ స్క్రీన్ మీద ఆ పని చేసేస్తుంది, కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు చేయవు. బిల్లులు కొట్టే చిన్న థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా తెలుగు అక్షరాలే ఉండవు కాబట్టి తెలుగు లైన్లని బొమ్మగా గీసి పంపాలి, 80 మిల్లీమీటర్ల కాగితానికి 203 డీపీఐ ప్రింటర్‌లో ఆ బొమ్మ వెడల్పు సాధారణంగా 576 చుక్కలు.

ఇప్పుడు పైన చెప్పిన మినహాయింపులు. మొదటిది, ప్రివ్యూలో నాలుగు పేజీలు చక్కగా కనిపించి, అందులోని ప్రింట్ బటన్ నొక్కితే ఒకే ఒక ఖాళీ పేజీ బయటికి రావడం. డ్రైవర్ తీసి వేశాం, ప్రింటర్ మార్చాం. చివరికి చూస్తే కోడ్‌లో ఒక్క వేరియబుల్. పేజీని మనమే గీసుకునే డాట్‌నెట్ ప్రింట్‌డాక్యుమెంట్‌తో రాసేటప్పుడు ఎన్నో వరస దాకా వచ్చామో ఒక ఇండెక్స్‌లో దాచుకుంటాం, పేజీ నిండితే హ్యాజ్‌మోర్‌పేజెస్ ట్రూ చేసి వదిలేస్తే ప్రింట్‌పేజ్ మళ్లీ పిలవబడుతుంది. ప్రివ్యూ అన్నది కూడా ఒక పూర్తి ప్రింటే, అది అయ్యేసరికి ఇండెక్స్ చివరి వరసలో ఉంటుంది. తర్వాత అసలు ప్రింట్ నొక్కితే గీయడానికి ఏమీ మిగలదు. ఇండెక్స్‌ని సున్నా చేసే లైనుని బటన్ క్లిక్ నుంచి తీసి బిగిన్‌ప్రింట్ ఈవెంట్‌లో పెట్టాం, అయిపోయింది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, చివరి పేజీలో హ్యాజ్‌మోర్‌పేజెస్‌ని ఫాల్స్ చేయడం మర్చిపోతే కాగితాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, కాబట్టి ముందు పీడీఎఫ్ ప్రింటర్ మీద పరీక్షించుకోండి.

రెండోది డిఫాల్ట్ ప్రింటర్. క్రిస్టల్ రిపోర్ట్ పేజీని పేర్చేది డిఫాల్ట్ ప్రింటర్ డ్రైవర్‌ని బట్టి, కాబట్టి మన దగ్గర లేజర్ మీద కొలిచి చేసిన రిపోర్ట్ అక్కడ డాట్ మాట్రిక్స్ డిఫాల్ట్‌గా ఉంటే ప్రివ్యూలోనే చెదిరిపోతుంది. డేటాబేస్‌ని, డిజైన్‌ని ఎంత చూసినా దొరకదు. పేజ్ సెటప్‌లో నో ప్రింటర్ పెట్టి డిజైన్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. పైగా విండోస్ 10 నుంచి "నా డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకోనీ" అన్న సెట్టింగ్ ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. నేను వెళ్లిన ప్రతి చోటా దాన్ని ఆఫ్ చేసి వస్తాను.

మైక్రోసాఫ్ట్ వాళ్ల రిపోర్ట్ ఫైల్ రకం ఆర్‌డీఎల్‌సీలో పేజీ విడిచి పేజీ ఖాళీ వస్తుంటే టేప్ పట్టి కొలిచినట్టు కూడండి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు, ఎడమ మార్జిన్ 2, కుడి 2, బాడీకి మిగిలేది 17. డిజైనర్‌లో ఒక టెక్స్ట్‌బాక్స్‌ని కొంచెం లాగితే బాడీ చడీచప్పుడు లేకుండా 17.3 అవుతుంది. ఆ మిగిలిన 3 మిల్లీమీటర్ల కోసం ప్రతి పేజీకి పక్కన ఇంకో పేజీ పుడుతుంది. టెక్స్ట్‌బాక్స్‌ని వెనక్కి జరిపినా బాడీ దానంతట అది తగ్గదు, దాని అంచు పట్టుకుని లాగాలి.

ముందే అచ్చయిన ఫారాల మీద ప్రింట్ చేసేటప్పుడు అన్నీ నాలుగైదు మిల్లీమీటర్లు కుడికి, కిందికి జరిగిపోతే అది ప్రింటర్ హార్డ్ మార్జిన్. ప్రివ్యూలో సున్నా, సున్నా అంటే కాగితం మూల, ప్రింటర్‌లో మాత్రం అది సిరా పడగలిగే చోటి మూల. అసలు ప్రింట్‌లో హార్డ్‌మార్జిన్ఎక్స్, హార్డ్‌మార్జిన్‌వై అంత తీసేయాలి, ప్రివ్యూలో తీయకూడదు. ఏది నడుస్తోందో బిగిన్‌ప్రింట్‌లో ప్రింట్‌యాక్షన్ చెప్తుంది. విండోస్ సర్వీస్ నుంచి ప్రింట్ చేయాలనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది, సిస్టమ్ డ్రాయింగ్ ప్రింటింగ్‌కి సర్వీసుల్లో సపోర్ట్ లేదు, యూజర్ పెట్టుకున్న నెట్‌వర్క్ ప్రింటర్లు సర్వీస్ అకౌంట్‌కి కనిపించవు కూడా.

వీటన్నిటి తర్వాత నా ప్రోగ్రామ్‌లన్నిటిలో ఒక చిన్న లాగ్ పెట్టాను. ప్రతి రిపోర్ట్‌కి ఒకే లైను: టైమ్, కంప్యూటర్ పేరు, ప్రాసెస్ 32 బిట్టా 64 బిట్టా, సర్వర్ పేరు, వచ్చిన వరసలెన్ని, ఎన్ని సెకన్లు, ప్రింటర్ పేరు, కాగితం సైజు. హెల్ప్ మెనూలో నుంచి తెరుచుకుంటుంది. పోయిన వారం ఫోన్ వచ్చింది, అదే మాట, రిపోర్ట్ రావట్లేదని.

"స్క్రీన్ మీద కనిపించిందా అమ్మా?"

"కనిపించింది సార్. ప్రింట్ కొడితే కాగితమే రావట్లేదు, నాలుగు సార్లు కొట్టాను."

"హెల్ప్‌లో లాగ్ తెరిచి చివరి లైను చదవండి."

ఆవిడ చదువుకుంటూ వచ్చారు. 412 వరసలు, 1 సెకను, ప్రింటర్ పేరు దగ్గర ఆగారు. "ఇది పై అంతస్తులోది కదా సార్," అని ఫోన్ అలాగే పక్కన పెట్టి వెళ్లారు. కాసేపటికి వచ్చి నాలుగు కాపీలూ అక్కడి ట్రేలోనే ఉన్నాయని చెప్పారు.